గోనెగండ్లలో నిర్దోషి

ఆదోనిలో బస్సెక్కినప్పుడు నా చేతిలో ఉన్నది పాత డిటెక్టివ్ నవలే. ఇంటర్ పిల్లల కోసమని ఎవరో దాన్ని ఈ కాలానికి తిరగరాశారు. డిటెక్టివ్ పదిహేడేళ్ల పిల్ల. భూతద్దం పోయి సెల్‌ఫోన్ వచ్చింది. ఇంకొక్క అధ్యాయమే మిగిలింది.

పక్క సీట్లో బురఖా పెద్దామె అట్ట మీద పేరు చూసి, "జమీందారు పాయసం తాగి సచ్చే కథేనా అప్పా?" అంది.

"అదే పెద్దమ్మా. ఇప్పుడాయన మిల్లు ఓనరు. మిల్క్‌షేక్ తాగి సస్తాడు."

ఆమె నవ్వలేదు. పెళ్లికి ముందు అద్దెకు తెచ్చుకుని చదివిందట. ఆఖరి పేజీలు ఎవరో చింపుకుపోయారట. "ఎవరు సంపినారో ఇంతవరకూ తెలీదు. నాకైతే వంటామె మీదనే అనుమానం."

చివరి పేజీ తిప్పబోతే చేతి మీద ఒకటి వేసింది. "వరసగా సదువు."

పైకి చదివాను. కథలో ఆ పిల్ల అందరినీ హాల్లో కూర్చోబెట్టేసరికి ఎమ్మిగనూరు వచ్చి, బస్సులో అందరూ లేచి నిలబడ్డారు. పెద్దామె మాత్రం కదల్లేదు.

మిగతా పేజీలు గబగబా చూసి "డాక్టరు" అన్నాను.

"డాక్టరా? తౌబా. వంటామెను ఇన్నేండ్లు ఊరికే తిట్టుకుంటినే." చెంపలు వేసుకుని, తేలికపడ్డ ముఖంతో దిగి గోనెగండ్ల ఆటో ఎక్కింది.

పుస్తకం మూయబోతే వెనక ఇంకో పేజీ ఉంది. రచయిత మాట: 'మూలకథలో హంతకురాలు వంటమనిషి. నేటి యువత ముందే పసిగట్టకూడదని మార్చాను.'

తలెత్తేసరికి ఆటో లేదు.

గోనెగండ్లలో ఆ వంటామె నేటికీ నిర్దోషి. కేసు తిరగదోడడానికి నేనైతే పోలేదు.