నిధి నిక్షేప జల పాషాణ

బాబ్జాన్ సార్ ఆత్మకూరులో ఒక కాలేజీలో మధ్యయుగ చరిత్ర చెప్పేవాడు. ఉదయగిరి కోట ముట్టడి పాఠం వచ్చిందంటే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీ దగ్గర చేరేవారు. కత్తులు, ఏనుగులు, తెగిపడ్డ తలలు, అన్నీ ఆయన నోట కదిలేవి. అంత చెప్పే మనిషి ఇంట్లో కోడిని కోయలేక పక్కింటివాళ్లను పిలిచేవాడని భార్య బషీరున్నీసా నవ్వేది. చివరి ఏళ్లలో ఆయన ఎడమచేత్తోనే బోర్డు మీద రాసేవాడు. అందుకు కారణం మర్రిపాడు దగ్గర ఒక రాయి.

సెలవు వస్తే బస్సెక్కి పల్లెల్లో శాసనాలు చదవడం ఆయన అలవాటు. 1979 ఎండాకాలంలో నారాయణయ్య చేనుకూ, అతని తమ్ముడు రాజమోహన్ చేనుకూ మధ్య గట్టు మీద నిలువెత్తు శాసనం కనిపించింది. నారాయణయ్య భార్య చెంచులక్ష్మి ఆయనకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తలమీద వేసుకోమని తువ్వాలు తడిపి ఇచ్చింది. ఊరంతా మూగింది. ఏ రాజో ఆ భూమిని గుడికి దానం చేసిన శాసనమది. "నిధి నిక్షేప జల పాషాణ..." అని సార్ క్లాసులో లాగే గొంతెత్తి చదివాడు. అర్థం చెప్పబోయేసరికి బస్సు హారన్ వినిపించింది. వచ్చే ఆదివారం చెబుతానని పరుగెత్తాడు.

ఆదివారం వచ్చేసరికి గట్టు లేదు. రాయి మొదట్లో మనిషి లోతు గుంట ఉంది. నిధి నాదంటే నాదని అన్నదమ్ములు పారలతో కొట్టుకున్నారు. నారాయణయ్య చెవి తెగి వేలాడుతోంది. రాజమోహన్ ముందుపళ్లు రాలి గడ్డమంతా నెత్తురు. సార్‌ను చూడగానే ఇద్దరూ ఒకటై ఆయన్ను గుంటలోకి ఈడ్చారు.

"యాడుండాదో చెప్పు. నిధి అని చదివింది నువ్వే గదా," అన్నాడు రాజమోహన్.

"దానం రాసే పద్ధతి నాయనా అది. భూమిలో ఏమున్నా పుచ్చుకున్నవాడిదే అని అర్థం. ప్రతి శాసనంలోనూ ఆ మాటే ఉంటుంది."

"మరి వారం ఆగమన్నావే? నువ్వొక్కడివే ఎత్తకపోదామనా?"

నారాయణయ్య ఆయన కుడిచేతిని రాతిమీద అదిమిపట్టాడు. రాజమోహన్ గడ్డపారతో పొడిచాడు. రెండు వేళ్లు నుజ్జయ్యాయి. దూరాన కనిపించే కొండ వైపు చూపించి, నిధి అక్కడుందని చెప్పి బయటపడదామా అని సార్‌కు ఒక్క క్షణం అనిపించింది. కానీ వీళ్లు అక్కడికీ పోతారు, అక్కడ ఒకరినొకరు చంపుకుంటారు. అల్లాను తలుచుకుని లేదనే అన్నాడు.

గడ్డపార మళ్లీ లేచింది. చెంచులక్ష్మి గుంటలోకి దూకి సార్‌కు అడ్డం పడింది. ఆ దెబ్బకు ఆమె భుజం చీలింది. నొప్పికి పళ్లు బిగబట్టి మొగుడి వైపు తిరిగింది.

"మనం ఈ చేను కొన్ననాడు రిజిస్టరాఫీసు కాడ దస్తావేజు రాసిన ఆయన ఈ మాటే గదా చదివినాడు? నిధే ఉంటే ఈ బీడు నాకెందుకమ్ముతారని నువ్వే నవ్వినావు."

నారాయణయ్య చెయ్యి సడలింది. సార్‌నూ పెళ్లాన్నీ గుంట పైకి ఎక్కించాడు. రాజమోహన్ మాత్రం అందరూ కలిసి తనను మోసం చేస్తున్నారని బూతులు తిడుతూ రాయి కిందనే తవ్వుతున్నాడు.

రాయి ఒరగడం సార్ కంటబడింది.

"నీ తమ్ముణ్ణి లాగు," అన్నాడు.

"చావనీ సార్. నా చెవి చూడు."

సార్ ఎడమచేత్తో అతన్ని గుంటలోకి తోశాడు. నారాయణయ్య తమ్ముడి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. వాళ్లిద్దరూ గుంట బయటపడ్డారో లేదో, శాసనం గుంటలోకి విరుచుకుపడి మూడు ముక్కలైంది. దాని కింద పడిన గడ్డపార వంగిపోయింది. రాజమోహన్ గుంట అంచునే చతికిలబడ్డాడు.

అన్నదమ్ములే లారీ ఆపి సార్‌నూ చెంచులక్ష్మినీ ఆత్మకూరు తీసుకుపోయారు. దారిలో ఆమె కొంగు చించి ముందు ఆయన వేళ్లకే కట్టింది. ఆసుపత్రిలో డాక్టరు, ఇది పోలీసు కేసులా ఉందే, ఎవరు కొట్టారని అడిగాడు. గుమ్మం బయట అన్నదమ్ములిద్దరూ తల వంచుకుని నిలబడ్డారు.

"ఎవరూ లేరు డాక్టర్‌గారూ. శాసనం చదువుతుంటే రాయి మీద పడింది," అన్నాడు బాబ్జాన్ సార్. "ముందు ఆ అమ్మను చూడండి."