సంగమ్మ ముట్టొద్దన్న కోడ్

ఒక మనిషి పొట్ట కొట్టి, ఆమె ఎదురైనప్పుడల్లా నవ్వుతూ పలకరిస్తున్నాను. ఏళ్ళుగా ఈ బరువు మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నా పిల్లలు బడికి పోయే వయసులో నేను అక్షరాలు దిద్దాను. మా ఊరు కమఠాణలో, చర్చిలో తెలుగు, తరువాత కన్నడం. పరీక్షలు కట్టి, బీదర్‌లో పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, రైతులకు ట్రాక్టర్లు అద్దెకిచ్చే చిన్న ఆఫీసులో చేరాను. ఏ పొలానికి ఏ రోజు ట్రాక్టర్ పోవాలో చూసే ప్రోగ్రాం అక్కడ సంగమ్మ రాసింది. నాకన్నా చాలా చిన్నది. కోడ్ మాత్రం చిక్కుపడ్డ దారంలా ఉండేది. ఎవరు చదివినా తెలిసేలా తిరగరాయమని మేనేజర్ నాకు అప్పగించాడు.

బాగానే చేశాను. ఒకే పని పలుచోట్ల ఉంటే ఒకచోటికి తెచ్చాను. ఎక్స్, వై అని ఉన్నవాటికి రైతు, తేదీ అని పేర్లు పెట్టాను. చివర ఒక ముక్క మిగిలింది. ఏవో తేదీలు లెక్కగట్టి, కొన్ని బుకింగులను మరుసటి రోజుకు జరుపుతోంది. ఎందుకో రాసి లేదు.

"అక్కా, గా ముక్క జర ముట్టకు," అంది సంగమ్మ సంచి సర్దుకుంటూ. "గలీజుగనే ఉన్నది గని పనికొస్తది. ఊరికి పోయొచ్చి సమజ్ చేస్త."

"నువ్వు చెప్తే గని నాకు తెల్వదా? పో, నీ బస్సు పోతాంది."

"తెలిస్తే మంచిదే అక్కా. తెల్వకుంటే మాత్రం ఆగు."

ఒళ్ళు మండింది. ఆ మాటలో ఎగతాళి ఉందా? ఇప్పుడు ఎంత వెతికినా కనబడదు. ముక్క తీసేశాను. కోడ్ సగానికి తగ్గిందని మేనేజర్ అందరిముందూ మెచ్చుకున్నాడు. నడిపి చూశాడా? లేదు. పొట్టిగా ఉంటే చాలు ఆయనకు.

అది అమావాస్య ముక్క. మా వైపు అమావాస్యనాడు ఎవరూ పొలం దున్నరు. ఇక్కడే పుట్టిన నాకు తెలియని సంగతా? ఆ రోజు పడ్డ బుకింగులను సంగమ్మ మరునాటికి జరిపేది. ఆ ముక్క లేక, విత్తే రోజుల్లో అమావాస్యనాడు ట్రాక్టర్ తీసుకోని ధన్నూర ఊరి రైతులను ప్రోగ్రాం రానివాళ్ళ కింద లెక్కగట్టి వరస చివరికి నెట్టేసింది. వాళ్ళు ఆఫీసు మీదికొచ్చారు. ఆ ముక్క ఉన్న పాత ప్రతి నా కంప్యూటర్‌లోనే ఉంది. మేనేజర్ లోపలికి రాకముందే చెరిపేశాను.

"సంగమ్మ రాసిందే సార్. అమావాస్య సంగతి అందుల లేనే లేదు, మొదటి సంది గట్లనే ఉన్నది," అన్నాను.

ఆ ముక్క తాను రాశానని చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆమెను తీసేశారు.

చదువు రాని రోజుల్లో, నా మాట అర్థం కాక నన్ను పక్కకు నెట్టిన ఆఫీసువాళ్ళను ఎంత తిట్టుకున్నానో. తమకు అర్థం కానిదల్లా అక్కరలేనిదనుకోవడం వాళ్ళ పొగరు అనేదాన్ని. కాస్త చదువు రాగానే నేను చేసిందేమిటి? ముక్కను తెలియక తీశానని అనవచ్చు. చెరిపింది తెలియకనా? ఆమె పేరు చెప్పింది తెలియకనా?

సంగమ్మ ఇప్పుడు ఔరాద్‌లో జెరాక్స్ దుకాణంలో పనిచేస్తోంది. మొన్న కలిసినప్పుడు, "గా ముక్క రాసిన అనుకున్న గని, రాయలేదేమో అక్కా," అంది.

రాశావు సంగమ్మా. సరిగ్గానే రాశావు. మొన్న నీ ముఖం మీద ఈ మాట అనలేక టీ తాగుదామన్నాను. ఇక్కడ రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. దానికీ నా మీద నాకు కోపంగానే ఉంది.