ఇంగ్లీషు తాను

తొంభైల్లో, ముంబై దగ్గరి మగ్గాల ఊరు భివండిలో, మా ఇల్లు కామత్‌ఘర్‌లో ఒక సందులో ఉండేది. ముందు గదిలో అమ్మ నూలు కండెలు చుట్టే మిషను, వెనక గదిలో మా కాపురం. మగ్గాల చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. నేను మరాఠీ బడిలో ఏడో తరగతి. ఇంగ్లీషంటే ఒళ్లు మంట. నా మార్కులు చూసి బాపు తేల్చి చెప్పేశాడు.

"గీసారి ఇంగ్లీషుల తప్పితే బడి బంద్. అమ్మ పక్కన కూసొని కండెలు చుట్టు."

కండెలు చుట్టడం నాకు చచ్చేంత అసహ్యం. బడి పోతే బతుకే పోయినట్టు ఏడ్చాను.

అప్పుడే ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చే పాఠం వచ్చింది. ప్రతి వాక్యంలో టి, హెచ్, ఎ, ఎన్. ఆ అక్షరాలు నాకు కొత్తా? గోదాముకు పోయే బట్ట మూటల మీద రాసేవి అవే. హిందీలో థాన్ అంటే మన బట్ట తాను! ఇంకేం, గొంతెత్తి చదివాను: "కామత్‌ఘర్ ఈజ్ బిగ్గర్ థాన్ కాల్హేర్."

"ఊళ్ల పేర్లల్ల తానేందే?" అంది అమ్మ, కండె మారుస్తూ.

"కామత్‌ఘర్‌ది పెద్ద తాను, కాల్హేర్‌ది చిన్న తాను."

"ఓయమ్మో! ఇంగ్లీషోల్లు సుత బట్టల బేరమే చేసిండ్రా!"

నోటి పరీక్షలో మేడం "అమ్మ నాకంటే పొడుగు" అని మరాఠీలో చెప్పి, ఇంగ్లీషులో చెప్పమంది. "మదర్ ఈజ్ టాల్ థాన్" అన్నాను ధైర్యంగా. అర్థం అడిగితే "అమ్మది పొడుగు బట్ట" అన్నాను. తరగతంతా పగలబడి నవ్వింది. మేడం కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అగం, థాన్ నాహీ, దేన్! పేక్షా!" అంది. అగం అంటే ఓసి, పేక్షా అంటే మన 'కన్నా'. రేపు ఆ మాటతో సొంతంగా ఒక వాక్యం చెబితే పాస్ చేస్తానంది.

ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. "తాను కాదంట! కన్న అంట! నీకన్న, నాకన్న!"

అమ్మ మిషను ఆపింది. "నేను నిన్ను కన్న. గా కన్ననా?"

"నీ తలకాయ! నా బడి పోతుంటె నీకు నవ్వులాటలా?"

"నవ్వులాట కాదు బిడ్డా. నేను నిన్ను కన్న. నువ్వు నాకన్న మంచిగుండాలె. గిదే చెప్పు, పో."

మొదటి 'కన్న' ఇంగ్లీషులో ఎట్లా అనాలో నాకు తెలియలేదు. మర్నాడు రెండోదే చెప్పాను: "ఐ విల్ బి బెటర్ దేన్ మై మదర్." మేడం శాబాస్ అంది. బాపు మళ్లీ కండెల మాట ఎత్తలేదు.

ఇప్పుడు అమ్మ లేదు. ఆ ఇంగ్లీషే నాకు అన్నం పెడుతోంది. అమ్మ అన్నది తనకన్నా మంచిగా బతకమని. నేను చెప్పి వచ్చింది అమ్మకన్నా మంచిదాన్ని అవుతానని. మంచిగానే ఉన్నానమ్మా. నీకన్నా మంచిదాన్ని కావడం మాత్రం ఏ జన్మకూ నావల్ల కాదు.