కుండలో కనిపించని చేపలు: కోదాడ, మిర్యాలగూడ మీదుగా ఒక ప్రయాణం

అది మామూలు పొద్దే. నేను స్నానం చేసి దీపం పెట్టి, రామనామం చదువుకొని బయటికి వచ్చేసరికి, సూర్యాపేట గంజి బజారుకు పోయే ధాన్యం బండ్లు మా వీధి మలుపు తిరుగుతున్నాయి. ఎద్దుల మెడగంటలు వినపడుతున్నాయి. మా తమ్ముడు సత్యం నడిమింట్లో గాజు తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. వాడు బడిపంతులు. కిటికీ అద్దాలు నాలుగు తెచ్చి, లప్పం పెట్టి, ఆ తొట్టి తానే చేసుకున్నాడు. ఒక మూల ఎప్పుడూ కారుతూనే ఉండేది. కింద ఒక గిన్నె పెట్టేవాళ్ళం. ముందు రోజు పట్టి ఉంచిన నీళ్ళు చెంబుతో మెల్లగా పోస్తూ, చేపలు పైకొస్తే వాటితో ఏదో మాట్లాడేవాడు.

"వదినే, మీ తమ్మునికి జర చెప్పుండ్రి," అంది మరదలు కమల వంటింట్లోంచి. "చేపలకైతే పొద్దుగాల్లనే నీళ్ళు. నా కాగు ఒక్కనాడన్న నింపిండా?"

"నీ కాగుల చేపలేయ్, నింపుత," అన్నాడు వాడు తల తిప్పకుండా.

మా ఇంట్లో చేప తినరు. అయినా మా నట్టింట్లో చేపలుండేవి. వీధిలో అందరికీ అది నవ్వులాట. వాడికి మాత్రం చేపలు, చేపల మీద వ్యాసాలు, ఈ రెండే లోకం. బెజవాడలో అచ్చయ్యే ఒక మాసపత్రికకు మన వాగుల్లో, చెరువుల్లో అరుదుగా దొరికే చిన్న చేపల గురించి రాసేవాడు. అచ్చయిన సంచికలు నా పూజ పుస్తకాల పక్కనే దాచుకునేవాడు.

ఆ పొద్దునే టపా మనిషి ఒక కార్డు తెచ్చాడు. అంతకు రెండు నెలల ముందు సత్యం గాజు చేప గురించి రాశాడు. బొటనవేలంత చేప, ఒళ్ళంతా గాజులా ఉంటుంది, వెన్నెముక బయటికే కనపడుతుంది. కోదాడ నుంచి సీసాలో తెస్తే దారిలోనే చచ్చిపోయింది. చచ్చిన గాజు చేప కాసేపట్లో పాలలా తెల్లబడిపోతుంది. వాడు ఆ తెల్లటి చేపనే చూసి బొమ్మ గీసి పంపాడు. అది అచ్చయ్యాక, గాజు చేప అని రాసి పాలకోవా బొమ్మ వేశారేమని పాఠకులు ఎగతాళి చేశారట. ఇకమీదట బతికిన చేపను చూసి గీసిన బొమ్మ ఉంటేనే మీ వ్యాసాలు వేస్తామని సంపాదకుడు రాశాడు.

సత్యం కార్డును రెండుసార్లు చదివాడు. "ఇగ బంద్ చేస్త అక్కా. తొట్టి ఎవరికన్న ఇచ్చేస్త," అన్నాడు.

వాడు చిన్నప్పుడు జ్వరంలో కూడా అంత నీరసంగా మాట్లాడలేదు. నేను "రేపు శనివారం. బడి ఒక్కపూటే. కోదాడ పోదాం, పా," అన్నాను.

"నువ్వెందుకు?"

"సీసా ఒకరు పట్టుకుంటే, ఒకరు చూస్కోవద్దా?"

కమల గుమ్మంలో నిలబడి వింటున్నది. "ఇద్దరు పోతున్రా? మంచిగున్నది. బొట్టు పెట్టి పిలుచుకొని రాండ్రి చేపలను," అంది. అయినా మర్నాడు దారికి పులిహోర కట్టి ఇచ్చింది.

శనివారం మధ్యాహ్నం బస్సెక్కాము. పోలీసు చర్య అయ్యాక ఊళ్ళలో అలజడి తగ్గి బస్సులు మళ్ళీ తిరగడం మొదలైన రోజులవి. మనుషులు నిండితేనే కదిలేది. టికెట్టు ఎక్కువ కాదు, కాని కోదాడ వైపు పోయేవాళ్ళు మన సంస్థానం హాలీ సిక్కాతో పాటు బెజవాడ వైపు నడిచే కల్దారు చిల్లర కూడా కొంచెం ఉంచుకునేవాళ్ళు. సరిహద్దు దగ్గర గనుక అక్కడ దుకాణాల్లో రెండూ నడిచేవి. కిటికీలకు అద్దాలు లేవు. దిగేసరికి ఇద్దరం ఎర్రమట్టి బొమ్మల్లా ఉన్నాము. ఆ రాత్రి పిన్ని ఇంట్లో పడుకొని, ఆదివారం తెల్లవారగానే చెరువు కట్ట మీదికి పోయాము. వల దులుపుకుంటున్న ఒక బెస్త ఆమెను సత్యం అడిగాడు.

"అంత చిన్న చేపలా పంతులుగారూ? మీ ఇళ్ళల్లో వాసన కూడా పడదుగా, ఏం చేసుకుంటారండీ?"

"చూసుకోవడానికి."

"చూసుకోవడానికా!" ఆమె నవ్వి, అవతలి మనిషిని కేకేసింది. "ఓలమ్మా, ఇట్టా రా. ఈయన చేపల్ని చూసుకుంటాడంట! ఇంట్లో పెళ్ళాం లేదేమో పాపం."

సత్యం చెవులు ఎర్రబడ్డాయి. "ఉన్నది. ఆమె కూడా గిట్లనే అంటది," అన్నాను నేను. ఆమె ఇంకా నవ్వింది. తరువాత మంచిగానే చెప్పింది. "ఇక్కడ దొరకవండి. మొన్న వానలకు చెరువు నిండి అలుగు పారి నీళ్ళన్నీ ఎర్రబడ్డాయి. మిర్యాలగూడ వాగు కాడ మా అన్న ముత్తయ్య ఉంటాడు. నా పేరు చెప్పండి, కోదాడ లచ్చిమి పంపిందని."

పొద్దుటి బస్సుకే హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరాము. పొద్దు నెత్తి మీదికి ఇంకా రాలేదు. ఊరి బయట వాగులో నీళ్ళు తేటగా, మోకాలి లోతున ఉన్నాయి. ముత్తయ్య పెద్దమనిషి. మునుపు తెచ్చిన చేప దారిలోనే చచ్చిందని సత్యం చెప్పగానే, మా చేతిలోని సీసాను చూసి మొహం చిట్లించాడు.

"అప్పుడు గిండ్లనే తీస్కపోయినవా? మూతి బిగించి?"

"అవును," అన్నాడు సత్యం.

"పంతులూ, నీ మూతి బిగిస్తే నువ్వుంటవా?"

ఆయనే ఒక వెడల్పు మూతి మట్టికుండ ఇచ్చాడు. పాత ధోవతి గుడ్డను నీళ్ళలో పరిచి, దాని మీదికి చేపలు వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. చేతితో ముట్టుకోలేదు. కుండను నీళ్ళలోనే వంచి, చేపలే ఈదుకుంటూ లోపలికి పోయేలా చేశాడు. మూడు దొరికాయి. తరువాత కుండను నా ముందు పెట్టి, అరచేతితో నీళ్ళ మీద మెల్లగా తట్టి చూపించాడు. పిల్లచేపలను చెరువులకు మోసేవాళ్ళు దారి పొడుగునా అట్లా తడుతూనే ఉంటారట.

"గాలి తగలాలె అమ్మా. చెయ్యి ఆపకు."

తిరుగు బస్సులో కుండను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. జపమాల తిప్పలేను గనుక, ఒక నామానికి ఒక దెబ్బ చొప్పున నీళ్ళు తట్టాను. రామ అంటే ఒకటి. మళ్ళీ రామ అంటే ఒకటి. ఇంట్లో జపం చేస్తే మనసు ఎన్నిసార్లు వంటింట్లోకి పోతుందో. ఆ రోజు ఎక్కడికీ పోలేదు.

దారిలో ఒక చాయ్ దుకాణం దగ్గర పోలీసులు బస్సు ఆపారు. ఆ రోజుల్లో ఆయుధాల కోసం మూటలన్నీ విప్పి చూసేవాళ్ళు. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక జవాను, మన భాష రాదు, నా ఒళ్ళో కుండను చూశాడు.

"ఇస్మే క్యా హై?"

"మచ్ఛీ హై సాబ్," అన్నాడు సత్యం.

జవాను వంగి చూశాడు. మట్టికుండ, లోపల చీకటి, గాజులాంటి చేపలు. ఏం కనపడుతుంది? "ఖాలీ పానీ! మచ్ఛీ కహాఁ?"

"హై సాబ్. నజర్ నహీ ఆతీ."

బస్సంతా ఘొల్లుమంది. వెనక నుంచి ఎవరో, "ఇగ అయింది పంతులు పని! కనపడని చేపలట," అన్నారు. జవానుకు ఆ నవ్వు తనను చూసే అనిపించింది కాబోలు, మొహం బిగుసుకుపోయింది. ఉత్త నీళ్ళను ఇంత భద్రంగా పట్టుకున్నారంటే అడుగున ఏదో దాచారన్నాడు. నీళ్ళు పారబోయమన్నాడు.

సత్యం కుండ అంచును రెండు చేతులతో పట్టుకొని ఉండిపోయాడు. నేను చెయ్యి ఆపకుండానే చాయ్ దుకాణం మనిషిని పిలిచాను. "అన్నా, ఒక గాజు గ్లాసు కడిగి ఇయ్యి."

గ్లాసును కుండలోకి వంచాను. ఒక చేప దానంతట అదే వచ్చింది. కిటికీలోంచి ఎండకు ఎత్తి పట్టాను. జవాను టోపీ వెనక్కి తోసుకొని దగ్గరికి వచ్చాడు. వెన్నెముక దారప్పోగులా ఉంది. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కడుపు మాత్రం వెండి గింజలా మెరుస్తున్నది. దాని ఒంట్లోంచి అవతలున్న ఎద్దుల బండి కనపడింది.

"అరే వాహ్," అన్నాడు. వెంటనే తోటి జవానులను పిలిచాడు. గ్లాసు చేతులు మారింది. బస్సులోవాళ్ళూ దిగి చూశారు. వద్దని చెప్పడానికి నాకు మనసు రాలేదు. ఆ గ్లాసు మళ్ళీ నా దగ్గరికి వచ్చేసరికి చేప పక్కకు ఒరిగింది. చూస్తుండగానే తోక దగ్గర మొదలై ఒళ్ళంతా తెల్లబడింది.

"అయ్యో, ఇప్పుడే గాజు లెక్క ఉండెగదనే!" అంది ఒకామె. ఎవరూ నవ్వలేదు. జవాను టోపీ తీసి, "మాఫ్ కరో మా జీ," అన్నాడు. డ్రైవరు వైపు తిరిగి మెల్లగా నడపమని గట్టిగా చెప్పాడు.

అక్కడి నుంచి కుండ నా ఒక్కదానిది కాదు. నా చెయ్యి నొప్పి పుడుతుంటే పక్కామె తీసుకుంది. ఆమె దగ్గర నుంచి కండక్టరు. "టికెట్లు తర్వాత, ముందుగాల చేప," అన్నాడు. సత్యం మాత్రం ఎవరి చేతిలో ఉన్నా కుండలోకే చూస్తూ కూర్చున్నాడు. ఊరు చేరే ముందు ఇంకొకటి తెల్లబడింది. ఒక్కటే మిగిలింది.

పొద్దు వాలకముందే ఇల్లు చేరి దాన్ని తొట్టిలో వదిలాము. పడమటి కిటికీ ఎండలో అది ఈదింది. సత్యం పెన్సిలు తీసుకొని గీశాడు. అంచు గీసి లోపల నీడ దిద్దేసరికి మళ్ళీ పాలచేపే అయింది. ఇంకో కాగితం తీశాడు. అదీ అంతే. ఎండ తగ్గుతున్నది.

కమల చాలాసేపు వెనక నిలబడి చూసింది. "గట్ల గోడ కట్టినట్లు అంచు గీస్తే లోపలేం కనబడ్తది? ఇటియ్యి," అని పెన్సిలు లాక్కుంది. ముగ్గుకు పెట్టినట్లు ముందు చుక్కలు పెట్టింది. వెన్నెముక గీసింది, పక్కటెముకలు గీసింది, వెనకనున్న నాచు కొమ్మను చేప ఒంట్లోంచే గీసుకుంటూ పోయింది. ఒంటి అంచును చుక్కలుగానే వదిలేసింది. కాగితం మీద చేప ఉంది, చేప అవతల నాచు ఉంది. సత్యం దీపం తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఆ బొమ్మ అచ్చయింది, ఎవరూ ఎగతాళి చేయలేదు. ఆ తరువాత కాశీకి కూడా పోయి వచ్చాను. అయినా ప్రయాణం అంటే నాకు గుర్తొచ్చేది ఆ బస్సే, అరచేతి కింద చల్లటి నీళ్ళే. ముక్కూ మొహం తెలియని మనుషులు ఒక చిన్న ప్రాణం కోసం వంతులు వేసుకున్న ఆ దారిని మళ్ళీ చూడాలనిపిస్తుంది. మీరు ఎవరైనా చేపలు తెచ్చుకోవడానికి అటు పోతే ఒక్క మాట గుర్తుంచుకోండి. సీసాలూ ఇత్తడి బిందెలూ వద్దు. వెడల్పు మూతి మట్టికుండలో సగానికే నీళ్ళు పోసి, చుట్టూ తడిగుడ్డ కట్టండి. తోడుగా ఇంకొక మనిషిని తీసుకుపోండి.

చేపను తెచ్చిన ఆ ఆదివారం సాయంత్రం అన్నాల దగ్గర ముగ్గురం కూర్చొని తేల్చుకున్నాము. గాజు చేప వ్యాసం సత్యం ఈ రాత్రికే మళ్ళీ రాయాలి, ఈ బొమ్మతో రేపే టపాలో వేయాలి. కింద సత్యం పేరు, బొమ్మ పక్కన కమల పేరు. కమల ముందు వద్దంది, తరువాత తన పుట్టింటి పేరుతో సహా రాయమంది. ఇక ఆ చేప. అంత కష్టపడి తెచ్చినదాన్ని తొట్టిలో ఉంచుకోవాలని సత్యానికి ఉంది, నాకు తెలుసు. కాని ఒంటరిగా ఉన్న ప్రాణాన్ని దాని నీళ్ళకు చేర్చడమే మంచిదని నేనన్నాను. వాడు ముద్ద కలుపుతూ సరే అన్నాడు. వచ్చే ఆదివారం మిర్యాలగూడ వాగుకు తీసుకుపోయి వదలాలి. ఈసారి కుండ కమల పట్టుకోవాలి.

అలాగే తేల్చుకున్నాము.