తువ్వాల కింద ముద్దలు

ఇంటర్ చదివే రోజుల్లో, లోకమంతా బేరం మీదే నడుస్తుందని నాకు గట్టి నమ్మకం. మిర్చి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. అడిగిన ధరకు దేనికీ ఒప్పుకోకూడదన్నది మాకు మాటలతో పాటే వచ్చే విద్య. ఆ విద్యను చివరికి అన్నం పళ్లెం మీద కూడా ప్రయోగించాను. ఒక పెళ్లిలో మేనత్త నా బుగ్గ గిల్లి, "పిల్ల జర ఒళ్లు చేసింది" అంది. ఆమె ఆ మాట అనేసి భోజనాల వైపు వెళ్లిపోయింది. నేను మాత్రం నెలల తరబడి ఆ మాట దగ్గరే నిలబడిపోయాను.

ఇంట్లో పూటపూటకూ రభస. అమ్మ "ఇంకో నాలుగు ముద్దలన్న తినే" అంటుంది, నేను "ఒకటే" అంటాను. ఈ గోల వినలేక తాత రంగంలోకి దిగాడు. తాత ఒకప్పుడు ఎడ్ల అంగడిలో పేరున్న బేరగాడు. (అక్కడ ధర నోటితో చెప్పరు. ఇద్దరూ తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని, పక్కవాడికి తెలియకుండా తేల్చుకుంటారు.) "అందరి ముంగట అడిగితె ఎవలు దిగుతరే? చెయ్యి పెట్టు" అని తువ్వాల పరిచాడు. వేలుకో ముద్ద లెక్క. ఆయన నా ఐదు వేళ్లూ పట్టేవాడు, నేను ఆయన చిటికెన వేలు పట్టేదాన్ని. చివరికి "బేరం కుదిరింది, అన్నం పెట్టు" అని తాత అమ్మతో గంభీరంగా చెప్పేవాడు. రానురాను కుదిరే వేళ్లు తగ్గుతూ వచ్చాయి. అంగడిలో ఎవరికీ లొంగని మనిషి నా చేతిలో ఓడిపోతున్నాడని నాకు లోలోపల గర్వం. గెలుస్తున్నకొద్దీ చేతి గాజులు జారిపోతున్నాయన్న సంగతి మాత్రం పట్టించుకోలేదు.

ఒక రోజు కాలేజీ మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాను. దవాఖానలో డాక్టరమ్మ నా నాడి చాలాసేపు పట్టుకుని, "గుండె బలహీనపడ్డది. ఇట్లనే ఉంటే అడ్మిట్ చెయ్యాలె" అంది.

"ఆకలే అయితలేదు మేడమ్" అన్నాను, నేరం కడుపు మీదికి తోస్తూ.

"కడుపు గ్రెలిన్ అనే హార్మోన్‌తోని ఆకలని మెదడుకు కబురు పంపుతది. ఒంట్ల కొవ్వు లెప్టిన్‌తోని చాలని చెప్తది. చాలా రోజులు తినకపోతే ఈ కబుర్లన్ని గడబిడ అయితయి, మెదడు సరిగ్గ అందుకోదు. ఆకలైనంక తింటనంటే కాదు. టైముకు తింటనే ఉండాలె, ఆకలి తర్వాత వస్తది."

"సగం తింట మేడమ్. మీ మాటా వద్దు, నా మాటా వద్దు, నడుమ ఖాయం చేద్దాం."

"ఒంటితోని బేరం నడవదు బిడ్డా."

అప్పుడు, నన్ను దవాఖానకు తీసుకొచ్చిన తాత లేచి నిలబడ్డాడు. "తప్పు నాదే డాక్టరమ్మా. రోజింత ఇడ్సిపెట్టిన, ఆ మాత్రమన్న తింటదని." తాత నష్టం ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు.

"ఎవల తప్పు కాదు తాతా, ఇది రోగం. నయమైతది" అంది ఆమె, కౌన్సిలింగ్ చీటీ రాస్తూ.

ఆ తర్వాత గడియారం చూసి తిన్నాను. ఆకలీ లేదు, రుచీ లేదు. ఏడుస్తూ తిన్న పూటలూ ఉన్నాయి. తాత ఎదురుగా కూర్చుని, ఏమీ అడగకుండా, తనూ తినేవాడు. అలా నెలలు గడిచాక ఒక రోజు, ఫిజిక్స్ క్లాసు నిశ్శబ్దంలో నా కడుపు గుర్రుమంది. "ఎవలే బండి స్టార్ట్ చేసిన్రు?" అంది వెనక బెంచీ. అందరూ నవ్వుతుంటే నేను లేచి నిలబడి, ఫస్టు ర్యాంకు వచ్చినదానిలా, "నేనే సార్" అన్నాను. (సారు అసలు అడగనే లేదు.)

ఇప్పుడు ఆఫీసు మీటింగుల్లో అప్పుడప్పుడూ అదే చప్పుడు వస్తుంది. పక్కవాళ్లు మర్యాదకు విననట్టు తల తిప్పుకుంటారు. ఇంత వయసొచ్చిన నేను మాత్రం, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని ఓసారి చుట్టూ చూస్తాను. ఎవరూ మెచ్చుకోరు. వాళ్లకేం తెలుసు పాపం అనుకుని, టిఫిన్ డబ్బా మూత తీస్తాను.