నేను చదివిన సన్మాన పత్రం

మా ఆఫీసులో తడబడకుండా తెలుగు చదవగలిగినవాళ్లు తక్కువ. అందుకే ఆ పని నా మీద పడింది. మాదాపూర్‌లో మా చుట్టుపక్కల ఉన్న కొన్ని కంపెనీలు కలిసి, ఆ ఏడాది ఉత్తమ సేవా పతకం అందుకున్న ట్రాఫిక్ పోలీసులను సత్కరించాలనుకున్నాయి. రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక హెడ్ కానిస్టేబుల్ గురించి సన్మాన పత్రం రాసి, సభలో చదవడం నా వంతు.

వివరాల కాగితం మీద ఆయన ఫోటో ఉంది. చూశాను కానీ గుర్తుపట్టలేదు. ముప్పై ఏళ్లకు పైగా రోడ్డు మీద నిలబడ్డ మనిషని, ఒక వానాకాలం నీళ్లలో చిక్కుకున్న బస్సులోంచి ప్రయాణికులను భుజాల మీద మోసి దింపాడని అందులో ఉంది. అదంతా రాసి, 'మచ్చలేని సేవ' అనే మాటతో ముగించాను.

సభ రోజు ఉదయం అతిథులకు టీ అందుతోందో లేదో చూస్తుంటే ఆయన భార్య నన్ను పిలిచింది. బోరబండలో రైలెక్కి వచ్చారట. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ అడిగింది.

"మా ఆయన గురించి చదివేది మీరేనా సార్? జర మంచిగ చదువుండ్రి. ఈ మెడల్ మూడేండ్ల కిందనే రావాల్సింది."

"ఎందుకు ఆగిందండీ?" అన్నాను.

"ఎవరో కార్ల పోయెటాయన ఫోటో తీసి ఫోన్ల పెట్టిండు. ఫ్లైఓవర్ కింద బూట్లిడిసి పండుకున్నడని. గప్పుడు ఈయనకు షుగర్ ఎక్కువై కాలికి పుండైంది. పొద్దుగాల ఐదింటి సంది డ్యూటీల ఉండె. ఒక్క పది నిమిషాలు ఒరిగిండు సార్. మెమో ఇచ్చిండ్రు. ప్రమోషన్ ఆగింది. చుట్టాల ఫోన్లల్ల గూడ ఆ ఫోటోనే. నెల దినాలు ఎవరింటికీ పోలే మేము."

ఆ కార్లో పోయేవాణ్ని నేనే.

ఆ రోజు నిజాంపేట నుంచి బయల్దేరి గంటన్నరైనా ఆఫీసు చేరలేదు. మీటింగు మొదలైపోయింది. కారు కదలడం లేదు. పక్కకు చూస్తే ఫ్లైఓవర్ స్తంభానికి ఆనుకుని, బూట్లు పక్కన విడిచి, కళ్లు మూసుకుని ఒక పోలీసు. అద్దం దించి ఫోటో తీశాను. 'మన పన్నులు నిద్రపోతున్నాయి' అని రాసి సోషల్ మీడియాలో అందరికీ కనబడేలా పెట్టాను. మధ్యాహ్నానికి అది ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. క్యాంటీన్‌లో స్నేహితులు నా భుజం తట్టారు. ఆ మెచ్చుకోలు నాకు నచ్చింది కూడా.

ఆమెకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. నేను తీసిన ఫోటోలో ఆయన పాదానికి కట్టు కనబడుతోంది. పెట్టేముందు బూట్లు మాత్రం ఉంచి, ఆ భాగం కత్తిరించేశాను. ఎందుకు కత్తిరిస్తున్నానో నాకు అప్పుడే తెలుసు.

వేదికెక్కి పత్రం చదివాను. 'మచ్చలేని' దగ్గర తడబడి, ఆ మాట రెండోసారి చదివాను. నేను చలించిపోయాననుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆయన లేచి రెండు చేతులూ జోడించి, "మంచిగ చదివిండ్రు సార్" అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

పది రోజుల తర్వాత ఆయన డ్యూటీ చేసే కూడలికి వెళ్లాను. గొడుగు నీడలో నిలబడి ఉన్నాడు. ఫోటో తీసింది నేనేనని, కట్టు కనబడకుండా కోసింది కూడా నేనేనని చెప్పాను. ఆయన రోడ్డు మధ్యకు వెళ్లి, ఒక వైపు బండ్లను ఆపి ఇంకో వైపు వదిలి, తిరిగొచ్చాడు.

"పండుకున్నది అబద్ధం కాదు సార్. డ్యూటీల పండుకుంటే తప్పే. గని అద్దం దించిండ్రు గద, ఒక్క పిలుపు పిలిస్తే లేస్తుంటి."

పై అధికారులకు జరిగింది జరిగినట్టు రాసిస్తానన్నాను.

"రాయుండ్రి, నేనెందుకు వద్దంట? మా ఇంటామెకు మాత్రం చెప్పకుండ్రి. మీరు చదివిన కాగితానికి అద్దం కట్టించింది. వచ్చినోళ్లందరికీ సూపిస్తది."

క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేకపోయాను.

ఉత్తరం రాశాను, అసలు ఫోటో కూడా జతచేశాను. ముగిసిన విచారణను తిరిగి తెరవడం కుదరదని కొన్నాళ్లకు జవాబు వచ్చింది. ఆయన హెడ్ కానిస్టేబుల్‌గానే రిటైరయ్యాడు.

రిటైర్మెంటు భోజనాలకు ఆయన భార్య నాకు స్వయంగా ఫోన్ చేసింది. "ఆదివారమే సార్, మీకు సెలవే ఉంటది. మీరు రావాలె, మీరే నాలుగు మాటలు చెప్పాలె" అంది. ఊళ్లో ఉండనని చెప్పాను. ఆ ఆదివారం పొద్దంతా ఇంట్లోనే, తలుపు వేసుకుని కూర్చున్నాను.