ఎడమచేత్తో రివాల్వరు

ఎనభైల మొదట్లో నేను నర్సీపట్నంలో కొత్త ఎస్సైని. మాకు రివాల్వరు నేర్పిన ముసలి హెడ్ కానిస్టేబులు గారు మమ్మల్ని ఎండలో పరిగెత్తించి, ఆయాసం తగ్గకముందే కుడిచెయ్యి తువ్వాలుతో కట్టేసి, ఎడమచేత్తో కాల్చమనేవారు.

"రేపు దెబ్బ తగిలితే ఏటి సేస్తారు సార్?" అనేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఒక సాయంత్రం కృష్ణదేవిపేట దారిలో ఆయనా నేనూ వెళ్తున్న జీపు బోల్తాపడి నా కుడిచెయ్యి విరిగింది. పొదల్లోంచి నలుగురు కత్తులతో పరిగెత్తుకొస్తున్నట్టు కనబడింది. ఎడమచేత్తో రివాల్వరు తీసి గురిపెట్టాను. చెయ్యి వణకలేదు.

నుదుటి నుంచి నెత్తురు కారుతున్నా ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగండి సార్! ముందు మనిసిని సూడండి. కోతలోళ్ళు!"

చూశాను. వాళ్ళ చేతుల్లో ఉన్నవి కొడవళ్ళు. వాళ్ళే మమ్మల్ని ఆసుపత్రికి చేర్చారు.

నేను గురిపెట్టిన సంగతి ఆయన చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను.